వంటింటి దాకా రావడానికి వైఫైకి ఇన్నేళ్లు పట్టింది

ఇంట్లో వైఫై సరిగ్గా అందని చోటు ఏదని అడిగితే చాలామంది ఆడవాళ్లు ఆలోచించకుండా చెప్పే జవాబు ఒకటే: వంటిల్లు. రౌటరు హాల్లో టీవీ పక్కన ఉంటుంది. కేబుల్ అబ్బాయి వీధి వైపు నుంచి తీగ లాగి, మొదట కనిపించిన ప్లగ్గు దగ్గర డబ్బా బిగించి వెళ్లిపోతాడు. వంటిల్లేమో వెనక వైపు. మధ్యలో రెండు ఇటుక గోడలు, ఒక ఇనప బీరువా, ఒక ఫ్రిజ్. పొయ్యి మీద పప్పు పెట్టి ఓ పాట వినబోతే తెర మీద ఆ సున్నా తిరుగుతూనే ఉంటుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. అసలు వైఫైకి ఈ లోకంలో కాస్త చోటు దొరికింది వంటింటి పుణ్యమా అనే. అదెలాగో, ఇప్పుడు ఇల్లంతా వైఫై పరచడానికి వచ్చిన మెష్ రౌటర్లు ఎక్కడ పుట్టాయో ఈసారి చెప్పుకుందాం. నేను చదివింది తెలుగు బీఏ. అందుకని సాంకేతిక వివరాలైనా కథలాగే చెబుతాను.

కంటికి కనబడని తరంగం గోడలు దాటి వెళ్తుందని మన దేశంలో నలుగురి ముందూ చూపించినవారు జగదీశ్ చంద్ర బోస్. 1895లో కలకత్తా టౌన్ హాల్లో ఆయన ఇచ్చిన ప్రదర్శనలో, ఆ తరంగాలు గోడలు దాటి వెళ్లి దూరంగా ఉన్న గంటని మోగించాయి, తుపాకీ మందుని పేల్చాయి. చూసినవాళ్లకి అది ఇంద్రజాలంలాగే ఉండి ఉంటుంది. గంట మోగించడం వరకూ బాగానే ఉంది. నూరుమంది ఒకేసారి నూరు కబుర్లు పంపితే అవి కలగాపులగం కాకుండా చేరడం ఎలా? ఆ చిక్కు విడదీయడానికి మరో డెబ్భై అయిదేళ్లు పట్టింది, అదీ నడి సముద్రంలో ఉన్న దీవుల్లో.

హవాయి విశ్వవిద్యాలయానికి వేరు వేరు దీవుల మీద కళాశాలలున్నాయి. పెద్ద కంప్యూటరు ఒక్క దీవిలో ఉంది. టెలిఫోను తీగల మీద కలుపుదామంటే ఖర్చెక్కువ, నమ్మకం తక్కువ. నార్మన్ అబ్రామ్సన్ అనే ప్రొఫెసరు, సముద్రపు అలల మీద సర్ఫింగ్ సరదాతో అక్కడ స్థిరపడ్డ మనిషి, తన బృందంతో కలిసి రేడియో ద్వారా కంప్యూటర్లని కలిపే పని మొదలుపెట్టాడు. 1971 జూన్‌లో అది పనిచేసింది. పేరు అలోహానెట్. అలోహా అంటే అక్కడివాళ్ల పలకరింపు.

వాళ్ల పద్ధతి మన పేరంటాన్ని గుర్తుచేస్తుంది. ఇద్దరు ఒకేసారి నోరు విప్పితే ఎవరి మాటా అర్థం కాదు. ఇద్దరూ ఆగుతారు. ఒకరు కాస్త ముందు, ఒకరు కాస్త తర్వాత మళ్లీ మొదలుపెడతారు. అలోహాలోనూ అంతే. కబురు పంపాలి, అందిందన్న జవాబు కోసం చూడాలి, రాకపోతే లెక్కాపత్రం లేనంత సేపు ఆగి మళ్లీ పంపాలి. ఈ పద్ధతిలో దారి సామర్థ్యంలో ఎంత బాగా వాడినా 18 శాతమే పనికొస్తుంది. తర్వాత 1973లో అమెరికాలో జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ దీన్ని చదివి, "మాట్లాడేముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో విను" అనే మర్యాద కలిపి ఈథర్నెట్ అన్నది తయారుచేశాడు. మన ఇంట్లో వైఫై ఇప్పటికీ పాటించేది ఈ మర్యాదనే. ఇంట్లో పదిహేను పరికరాలుంటే వేగం తగ్గడానికి ఒక కారణం, అందరూ ఒకరి మాట అయ్యేదాకా ఒకరు ఆగడమే.

ఇంకో ముచ్చట. అలోహాలో రాకపోకలు చూసే పెట్టెకి వాళ్లు 'మెనెహూనే' అని పేరు పెట్టుకున్నారు. హవాయి జానపద కథల్లో రాత్రికి రాత్రి ఎవరికీ కనబడకుండా పనులు చేసిపెట్టే పొట్టి మనుషులు వాళ్లు. మన రౌటరుకి ముత్తాత అనుకోవచ్చు.

మెష్‌కి ముత్తాత మాత్రం వేరే ఉంది. 1970లలోనే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, కదులుతున్న వాహనాల మధ్య కంప్యూటరు కబుర్లు నడపాలనుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల కొండల మీద రేడియో పెట్టెలు పెట్టారు. ఒక్కో పెట్టె తనకి వచ్చిన కబురుని పక్కదానికి అందిస్తుంది. ఒకటి ఆగిపోతే మిగతావి వేరే దారి వెతుక్కుంటాయి. 1976 ఆగస్టు 27న ఒక వ్యానులో సామగ్రి వేసుకుని వెళ్లి, పోర్టోలా వ్యాలీలో రాసొట్టీస్ అనే బీరు దుకాణం పెరట్లో బల్ల మీద టెర్మినల్ పెట్టుకుని ఇంజనీర్లు కబురు పంపారు. అది రేడియో వలలోంచి తీగల వలలోకి దాటి వెళ్లింది. పెళ్లి భోజనాల్లో వంటశాల నుంచి పందిరి దాకా గిన్నెలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్తాయే, మెష్ అన్న మాటకి అర్థం అంతే. ఒక్క మనిషే పరుగెత్తి అన్ని బంతులకీ వడ్డించక్కర్లేదు.

ఇక వంటింటి సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల కోసం చేసిన గొట్టం దగ్గర పనిచేస్తుండగా రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే అతను ఆ తరంగాలు తిండి పదార్థాలని వేడిచేస్తాయని గమనించాడు. మైక్రోవేవ్ ఓవెన్ అలా పుట్టింది. 1947లో అట్లాంటిక్ సిటీలో దేశాలన్నీ కూర్చుని ఆకాశంలో రేడియో తరంగాల దారులని పంచుకున్నాయి. ఇది రేడియోకి, ఇది ఓడలకి, ఇది విమానాలకి అని. ఓవెన్లలాంటి పరికరాలు చిందించే తరంగాల కోసం కొన్ని దారులు వదిలేశారు. వాటిలో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి దారి ఒకటి. ఓవెన్ల గోల ఉండే ఆ దారి కబుర్లు నడపాలనుకునే కంపెనీలెవరికీ అక్కర్లేకపోయింది. ఇంటి వెనక చెత్త పోసే స్థలం లాంటిదన్నమాట.

1985 మేలో అమెరికా సమాచార సంస్థ ఎఫ్‌సీసీ, మైకేల్ మార్కస్ అనే ఇంజనీరు పట్టుబట్టడంతో, ఆ పనికిరాని దారుల్లో ఎవరైనా లైసెన్సు లేకుండా కబుర్లు పంపుకోవచ్చని చెప్పింది. షరతులు రెండు. శక్తి తక్కువగా ఉండాలి, పక్కవాడి గోల భరించాలి. వైఫై కాపురం పెట్టింది ఆ స్థలంలోనే. అందుకే ఈనాటికీ ఓవెన్ తిరుగుతుంటే కొన్ని ఇళ్లలో పక్కనున్న ఫోనులో వీడియో తడబడుతుంది. ఓవెన్‌ది ముందునుంచీ ఉన్న కాపురం మరి.

ఈ కథలో ఇద్దరు ఆడవాళ్లని తలుచుకోవాలి. మొదటామె హెడీ లమార్. వియన్నాలో పుట్టి హాలీవుడ్‌లో వెలిగిన నటి. యుద్ధకాలంలో, శత్రువు అడ్డుకోలేకుండా రేడియో సంకేతాన్ని ఒక తరంగం మీంచి ఇంకో తరంగం మీదికి గెంతిస్తూ పంపే ఉపాయానికి సంగీతకారుడు జార్జ్ ఆంథైల్‌తో కలిసి 1942లో పేటెంటు పొందింది. గెంతడానికి ఎన్ని తరంగాలంటే 88, పియానో మెట్లు ఎన్నో అన్ని. ఆవిడ్ని "వైఫైకి తల్లి" అని రాసేస్తుంటారు. అది అతిశయోక్తే. 1997లో వచ్చిన తొలి వైఫై ప్రమాణంలో ఈ గెంతే పద్ధతి ఒక మార్గంగా ఉండేది, ఇప్పటి వైఫై దాన్ని వాడదు, బ్లూటూత్ వాడుతుంది. అయినా అందం గురించి తప్ప ఇంకో మాట అడగని లోకం ఆమె బుర్రని 1997 దాకా పట్టించుకోలేదు. ఆ ఏడాది ఒక పురస్కారం ఇచ్చేనాటికి ఆమెకి ఎనభై దాటాయి.

రెండో ఆమె రేడియా పెర్ల్‌మన్. డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంపెనీలో ఇంజనీరు. పెట్టెలు ఒకదానికొకటి కబురు అందించుకునే ఏ వలలోనైనా ఒక ప్రమాదం ఉంటుంది. అ నుంచి ఆ కి, ఆ నుంచి ఇ కి, ఇ నుంచి మళ్లీ అ కి కబురు తిరుగుతూనే ఉండిపోవచ్చు. మన అపార్టుమెంటులో పుకారు తిరిగినట్టు, పెరుగుతుందే తప్ప ఆగదు. 1985లో ఆమె దీనికి మందు కనిపెట్టింది. పెట్టెలన్నీ తమలో ఒకదాన్ని పెద్దగా ఎంచుకుంటాయి. ఆ పెద్ద నుంచి ప్రతి పెట్టెకీ ఒక్క దారే తెరిచి ఉంచి, మిగతా దారులు మూసేస్తాయి. తెరిచిన దారి తెగితే మూసినది తెరుచుకుంటుంది. పైనుంచి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఉపాయం మీద ఆవిడ ఇంగ్లీషులో ఒక చిన్న పద్యం కూడా రాసింది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఈ సంగతి నాకు భలే నచ్చింది.

1990 నాటికి నెదర్లాండ్స్‌లో ఎన్‌సీఆర్ కంపెనీ ఇంజనీర్లు తీగలు లేని నెట్‌వర్కు తయారుచేశారు. దుకాణంలో సామాన్లు అటూ ఇటూ సర్దినప్పుడల్లా బిల్లు వేసే మిషన్లకి కొత్తగా తీగలు లాగడం వాళ్లకి తలనొప్పిగా ఉండేది. వాళ్లలో విక్ హేస్ అనే ఆయన పదేళ్లు కమిటీ నడిపి, కంపెనీలన్నిటినీ ఒక మాట మీదికి తెచ్చాడు. 1997లో ప్రమాణం వచ్చింది, వేగం 2 ఎంబీపీఎస్. 1999లో అది 11 అయింది. పేరు పలకడానికి కష్టంగా ఉందని ఇంటర్‌బ్రాండ్ అనే పేర్లు పెట్టే కంపెనీ చేత 'వైఫై' అని పెట్టించారు. ఆ పేరుకి అర్థమేమీ లేదు, వినసొంపుగా ఉంటుందని పెట్టారంతే. మనవాళ్లు చిట్టి, బుజ్జి అని పెట్టినట్టు.

మన దేశానికి వద్దాం. మా తాతగారింట్లో రేడియోకి లైసెన్సు పుస్తకం ఉండేది. ఏటా పోస్టాఫీసుకి వెళ్లి డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం చలవ అది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ని జనానికి ఇచ్చింది గానీ అది టెలిఫోను తీగలోంచి గరగరమంటూ వచ్చేది. తీగ లేకుండా వాడాలంటే అనుమతుల గొడవ. 2005 జనవరిలో కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ దారికి లైసెన్సు అక్కర్లేదని ప్రకటించాకే మన దేశంలో వైఫైకి స్వేచ్ఛ వచ్చింది.

ఆ ప్రకటన రాగానే దాన్ని వాడుకున్నవాళ్లు హిమాలయాల అంచున ధర్మశాలలో ఉన్నారు. 2005 ఫిబ్రవరిలో అక్కడ సామాజిక మెష్ నెట్‌వర్కు మొదలైంది. ఆ నెలాఖరుకే 8 ప్రాంగణాలు కలిశాయి. కొండ అడ్డం వస్తే ఇంకో కప్పు మీద ఇంకో పెట్టె. మామూలు ఇంటి రౌటర్లకే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి వాడారు. వానలు, పిడుగులు, కరెంటు కోతలు సరే, యాంటెన్నాలు పట్టుకుని ఊగే కోతులొకటి. అలా మెష్ దిగింది కొండల్లో, కోతుల మధ్యన.

అదే రోజుల్లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు కేంబ్రిడ్జి ఊళ్లో ఇళ్ల కప్పుల మీద పెట్టెలు పెట్టి 'రూఫ్‌నెట్' నడిపారు. వాళ్లు తేల్చిన ఒక సంగతి మనకి బాగా పనికొస్తుంది. తక్కువ మజిలీలున్న దారే మంచిదని అప్పటిదాకా అనుకునేవారు. కానీ ఒక్క గెంతులో దూరం వెళ్లే బలహీనమైన దారిలో కబురు సగం రాలిపోతుంది, మళ్లీ మళ్లీ పంపాలి. అంతకంటే రెండు గట్టి మజిలీలు నయం. గుంతల దగ్గరిదారి కంటే కాస్త చుట్టయినా తారురోడ్డే ముందు చేరుస్తుందని మన ఆటో అబ్బాయికీ తెలుసు. ఆ బృందంలోని సంజిత్ బిశ్వాస్, జాన్ బికెట్ తర్వాత మెరాకీ అనే కంపెనీ పెట్టారు. 2012లో సిస్కో దాన్ని 120 కోట్ల డాలర్లకి కొన్నది.

2011లో మెష్‌కి ఒక ప్రమాణం వచ్చింది. 2016లో ఈరో, గూగుల్ వైఫై, నెట్‌గేర్ ఆర్బీ ఇళ్ల కోసం వచ్చాయి. మరుసటి ఏడాది టీపీలింక్ డెకో. అదే 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్‌ని రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెలకి 149 రూపాయలకే ఇవ్వడంతో పల్లెటూళ్లలో కూడా గుమ్మం దాకా ఇంటర్నెట్ వచ్చింది. గుమ్మం దాకానే. లోపలి గదుల సంగతి ఎవరూ ఆలోచించలేదు, 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేదాకా.

ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. మా ఇల్లు రాజమండ్రిలో రెండంతస్తులు. పైన మేము, కింద అత్తగారూ మామగారూ, వంట మాత్రం అందరికీ కిందే. స్తంభం నుంచి తీగ పై హాల్లోకి వచ్చింది. పైన మావారి ఆఫీసు మీటింగు, మా అమ్మాయి క్లాసు, అబ్బాయి క్లాసు. కింద ఒక్క గీత సిగ్నల్. మా మరిది టెక్సాస్‌లో ఉంటాడు. రోజూ రాత్రి తల్లికి వీడియో కాల్ చేసేవాడు. బొమ్మ ఆగిపోయి, నోరు తెరుచుకుని ఉండిపోయేది. ఆవిడ "వినబడుతోందా నాన్నా" అని నాలుగుసార్లు అడిగి, "సర్లే, రేపు చేద్దువుగాని" అని పెట్టేసేవారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేరు. పైకి వచ్చి మాట్లాడమని ఎవరూ అనలేరు, కిందికి సిగ్నల్ తేవాలని ఎవరికీ తోచలేదు. ఆవిడ ఫిర్యాదు చెయ్యలేదు కాబట్టి అది సమస్య కిందే లెక్కకి రాలేదు. ఆడవాళ్ల ఇబ్బందులు చాలా అలాగే లెక్కతప్పుతాయి.

చివరికి మూడు డబ్బాల మెష్ కొన్నాం. పెట్టే పని నేనే పూనుకున్నాను. పైన చెప్పిన చరిత్రంతా అప్పుడు ఎలా పనికొచ్చిందో చెబుతాను.

మొదటి డబ్బా ఫైబర్ పెట్టెకి తీగతో తగిలించాలి. పాత పెట్టెలో వైఫై ఆపేయాలి, లేకపోతే రెండూ ఒకేసారి మాట్లాడుతూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. పాత పెట్టే రౌటరు పని చేస్తూ ఉంటే, యాప్‌లో మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం మేలు. ఇంటికి ఇద్దరు పెద్దలు కుదరదు.

రెండో డబ్బా ఎక్కడ? సిగ్నల్ లేని గదిలో పెట్టాలనిపిస్తుంది. అక్కడ దానికే అందకపోతే ఇంకొకరికి ఏం అందిస్తుంది? రూఫ్‌నెట్ వాళ్ల పాఠం ప్రకారం సిగ్నల్ ఇంకా బాగా ఉన్న సగం దారిలో పెట్టాలి. మా మెట్ల మలుపులో ఒక ప్లగ్గు ఉంది, దానికే పెట్టాను. స్లాబులో ఇనప చువ్వల అల్లిక ఉంటుంది కదా, తరంగం దాన్ని చీల్చుకుని వెళ్లే కంటే మెట్ల ఖాళీలోంచి దిగడం తేలిక. మూడోది కింద భోజనాల గదిలో గూట్లో, ఒక వైపు వంటిల్లు, ఒక వైపు అత్తగారి గది కనబడేలా. బీరువా వెనక, ఫ్రిజ్ మీద, అద్దం పక్కన పెట్టకూడదు.

ఒక డబ్బా అదే రేడియో మీద విని అదే రేడియో మీద చెబితే వేగం మజిలీకి సుమారు సగం అవుతుంది. మాది 100 ఎంబీపీఎస్ ప్లాను, అంతకుముందు కింద 2, 3 కంటే వచ్చేది కాదు, డబ్బాలు పెట్టాక 35 దాకా వచ్చింది. తర్వాత పాత టీవీ కేబుల్ గొట్టంలోంచి ఒక లాన్ వైరు దింపించాం, 90 దాటింది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఉంటే నా మాట విని ప్రతి అంతస్తుకీ ఒక గొట్టం వదిలించండి. గోడలు పూసేశాక మేస్త్రిని బతిమాలాలి. ఫైబర్ పెట్టె, మెష్ డబ్బాలు ఇన్వర్టర్ లైను మీద ఉంటే కరెంటు పోయినా కాల్ తెగదు.

ఇంకో చిన్న సంగతి. మెష్‌లో మూడు డబ్బాలకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. కానీ ఏ డబ్బాని పట్టుకోవాలో చివరికి తేల్చుకునేది ఫోనే. పైనుంచి కిందికి దిగినా కొన్ని ఫోన్లు పై డబ్బానే పట్టుకు వేలాడతాయి. వైఫై ఒకసారి ఆపి పెడితే సరిపోతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైంది యాప్ ఎవరి ఫోనులో ఉందన్నది. పాస్‌వర్డు మార్చడం, పిల్లలకి రాత్రి పదికి ఆపడం, డబ్బాని మళ్లీ లేపడం అన్నీ అందులోనే. చాలా ఇళ్లలో అది మగవాళ్ల ఫోనులో ఉంటుంది, వాళ్లు ఊరెళ్తే ఇల్లంతా వాళ్లకి ఫోన్ చేసి అడుక్కోవడమే. పూర్వం మన ముత్తవ్వల నడుముకి తాళంచెవుల గుత్తి ఉండేది. ఏ గదిలో ఏముందో, ఎవరికి ఎంత కొలిచి ఇవ్వాలో వాళ్లకే తెలుసు. ఇప్పటి గుత్తి ఈ యాప్. మా ఇంట్లో అది నా ఫోనులోనూ ఉంది, మావారి ఫోనులోనూ ఉంది.

ఇప్పుడు అత్తగారు తన మంచం మీద కూర్చునే కొడుకుతో గంటసేపు మాట్లాడతారు. మొన్న మా మరిది "అమ్మా, ఇక పెట్టెయ్యనా, ఆఫీసు టైమైంది" అంటున్నాడు. మీ ఇంట్లో సిగ్నల్ అందని గది ఏదో, ఆ గదిలో ఎక్కువసేపు ఉండే మనిషి ఎవరో ఒకసారి చూడండి. ఆ తర్వాత రెండో డబ్బాకి చోటు వెతకండి.